కార్తె తప్పిన వాన

2023వ సంవత్సరము జూన్ నెలలో బడులు తెరచిన వారమున మేము ఎనిమిదవ తరగతి పిల్లలకు ఋతువులను గూర్చి చెప్పుచుంటిమి. వసంతము చైత్రవైశాఖములు, గ్రీష్మము జ్యేష్ఠాషాఢములు, వర్షర్తువు శ్రావణభాద్రపదములు అని నల్లబల్లపై వ్రాసి, మా గురువులు మాచేత వల్లె వేయించినట్లే మేమును వారిచేత వల్లె వేయించుచుంటిమి. ఎండలు తగ్గకపోవుటచే ఆ దినములలో బడులు ఒంటిపూట నడచుచుండెను. మృగశిర ప్రవేశించి వారము దాటినను ఏలూరుపై మబ్బు తునుక లేదు. వెనుకబల్లపై కూర్చున్న యొక బాలుడు లేచి, “మాస్టారూ, ఈ లెక్క ఎప్పటిదండీ?” అని యడిగెను.

“ఏ లెక్క?” అంటిమి.

“ఈ నెలల లెక్కండి. మా నాన్న మృగశిర వచ్చిందని ఆకుమడి పోశాడండి. వాన లేదు, మా శివారుకి కాలవ నీళ్ళూ రాలేదండి. అంతా ఎండిపోయింది. మళ్ళీ విత్తనాలకి అప్పుకెళ్ళాడండి.”

తరగతిలో ఎవ్వరును నవ్వలేదు. వారిలో సగము మంది ఏలూరునకు దక్షిణమున కొల్లేటి యొడ్డు గ్రామములనుండి వచ్చు రైతుబిడ్డలు. మాకు సమాధానము తోచలేదు. “రేపు చెప్పెదము” అని పలికి, గంట కొట్టువరకు ఎట్లో పాఠము సాగించితిమి. ఆ రేపు నాడు కూడ మేము చెప్పలేకపోతిమి. ఈ నాలుగు మాటలును ఆ బాలునకు మేము పడిన బాకీ.

మన రైతు నెలలను లెక్కింపడు, కార్తెలను లెక్కించును. సూర్యుడు అశ్విన్యాది నక్షత్రములు ఇరువదియేడింటిలో ఒక్కొక్కదానియందు పదుమూడు పదునాలుగు దినములుండును. ఆ కాలమునకు ఆ నక్షత్రము పేరే కార్తె పేరు. రోహిణిలో రోళ్ళు పగులుననియు, ఉత్తర చూచి ఎత్తర గంప అనియు మన పల్లెలలో తెలియనివారు లేరు. ఉత్తర కార్తె నాటికి వాన లేనిచో ఆ యేటిపై ఆశ విడిచి గంపనెత్తుకొని పొమ్మని ఆ రెండవదాని తాత్పర్యము. పంట పండించుట మాత్రమే కాక, పంట రాదని గ్రహించి కాలు కదపవలసిన దినము కూడ మన పెద్దలు నిర్ణయించి యుంచిరి.

ఈ జ్ఞానము అనాగరికుల ఊహ యని త్రోసివేయువారిని మేమెరుగుదుము. యౌవనమున మేమును వారిలో నొకరము. సంస్కృతము చదివిన తరువాత మా గర్వము కొంత తగ్గినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారమునందు మూరెడు మూతిగల కుండము నుంచి వాన కొలువవలెనని విధి యున్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘము గర్భము ధరించుననియు, 195 దినములకు ప్రసవించుననియు చెప్పి, ఆ గర్భలక్షణములను ఒక యధ్యాయమంతయు వర్ణించినాడు. 195 దినముల సిద్ధాంతమును నేడెవ్వరును అంగీకరింపరు. కాని శీతకాలపు ఆకాశమును చూచి వర్షకాలమును ముందుగా తెలిసికొనవలెనను తపన అందున్నది. 1884లో బ్లాన్‌ఫర్డు దొర హిమాలయములపై మంచును చూచి ఋతుపవనమును ముందుగా చెప్పబూనినదియు ఆ తపనచేతనే.

మరి కార్తెలే జరిగినవా యని కొందరు మిత్రులు మమ్మడిగిరి. జరిగిన మాట నిజమే. అయనచలనముచేత నక్షత్రములను బట్టి చేయు లెక్క ఋతుచక్రముమీద సుమారు 72 ఏండ్లకొక దినము చొప్పున వెనుకబడును. వరాహమిహిరుని కాలమునుండి నేటికి సుమారు 1500 ఏండ్లు. అనగా ఇరువదియొక్క దినములు. ఆయన నాటి మృగశిర ఇప్పటి మృగశిరకన్న మూడు వారములు ముందుగా వచ్చెడిదన్నమాట. కాని యొక మనుష్యుని జీవితకాలమున ఈ తేడా ఒక్క దినమే. తన తండ్రి నాటికిని తన నాటికిని వాన మారినదని చెప్పు రైతు ఆ యొక్క దినమును గూర్చి చెప్పుటలేదు. కావున పంచాంగముపై నేరము మోపి మనము తప్పించుకొనుటకు వీలులేదు.

భీమడోలునకు దిగువను, కొల్లేటి పల్లమునకు చేరువను మాకు పిత్రార్జితమైన మూడెకరముల మాగాణి గలదు. మా తండ్రిగారు గతించినది మొదలు దానిని ఒక పెద్దమనిషి కౌలుకు చేయుచున్నాడు. వయస్సున మాకన్న ఇరువదియేండ్లు పెద్ద. మేమాయనను బాబాయి యందుము, ఆయన మమ్ము మాస్టారూ యనును. బాలుని ప్రశ్న మనస్సున మెదలుచుండగా ఆ ఆదివారము మేము చేనికి పోయి, “బాబాయ్, వాన నిజముగా మారిందంటావా?” అని యడిగితిమి. ఇరువదియేండ్లలో మేమాయనను కౌలు బస్తాలను గూర్చి కాక మరియొక సంగతి యడుగుట అదియే మొదటిసారి యని మాకు తరువాత తోచినది.

ఆయన గట్టుమీద కూర్చుండి వ్రేళ్ళు మడచుచు చెప్పెను. వాన పడు దినములు తగ్గినవి, పడిన దినమున మాత్రము కుండపోతగా పడుచున్నది. ఒకే సార్వాకు రెండుమార్లు ఆకుమడి పోయుట మునుపు అపూర్వము, నేడు సామాన్యము. దాళ్వా చేను ఈనిన తరువాత రాత్రులందును ఉక్క తగ్గుటలేదు, వెన్నున తాలుగింజలు పెరిగినవి. ఉప్పుటేటి వైపునుండి వేసవిలో ఉప్పు పైకెగబ్రాకుచున్నది. ఇక తుఫానులు మునుపెన్నడును లేనివి.

మేమింటికి వచ్చి ఆయన మాటలను ఇంగ్లీషు గ్రంథములతో సరిచూచుకొంటిమి. బొగ్గుపులుసు గాలి హెచ్చినచో భూమి వేడెక్కునని స్వీడను దేశపు అర్రీనియస్ 1896లోనే లెక్కగట్టినాడు. హవాయి ద్వీపపు కొండమీద 1958లో కొలువ నారంభించినపుడు ఆ వాయువు గాలిలో పదిలక్షలకు సుమారు 315 పాళ్ళు. నేడు 420కి మించినది. మన కేంద్రప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారము 1901 మొదలు 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. 1951 మొదలు 2015 వరకు నైరృతి ఋతుపవనపు వాన నూటికి ఆరు పాళ్ళు తగ్గినది. మధ్యభారతమున ఒక్క దినమున 150 మిల్లీమీటర్లకు మించి కురియు వానలు మాత్రము హెచ్చినవి. వాన మొత్తము తగ్గి, కుంభవృష్టి పెరిగినదన్నమాట. గట్టుమీద వ్రేళ్ళు మడచి ఆయన చెప్పినదియు నిదియే. రాత్రి ఉక్క మాటయు అట్లే. ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ పొలములలో జరిగి 2004లో వెలువడిన పరిశీలనలో, మన దాళ్వావంటి పొడికాలపు పంటకు రాత్రి ఉష్ణము ఒక్క డిగ్రీ హెచ్చినచో దిగుబడి నూటికి పది తగ్గినట్లు తేలినది. ఆ శాస్త్రజ్ఞుల పేర్లు మా బాబాయి వినలేదు. ఆయన తాలుగింజలను తూర్పారబట్టి తెలిసికొనెను.

అయినను రైతు చెప్పిన ప్రతిమాటయు వేదవాక్కని మేమనము. తుఫానులు మునుపెన్నడును లేవనుట సరికాదు. 1864లో బందరు ఉప్పెన, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమ తుఫాను ఈ తీరము మరువరానివి. ఆ నివేదికలోనే మన సముద్రములలో తుఫానుల సంఖ్య గత శతాబ్ది మధ్యమునుండి తగ్గినదని యున్నది. ఇటీవలి రెండు దశాబ్దములలో, వానకాలము వెళ్ళిన తరువాత వచ్చువానిలో మిక్కిలి తీవ్రమైనవి మాత్రము పెరిగినవట. జ్ఞాపకము మంచి సాక్షియే గాని మంచి కొలపాత్ర కాదు.

మరియొక సంగతి. ఆకాశముపై మోపిన నేరములలో కొన్ని మనవి. కొల్లేరు కృష్ణా గోదావరుల నడుమ నున్న పళ్ళెము. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, ఇరుప్రక్కల మురుగుకాలువలును అందు పడును. బయటికి పోవుటకు ఉప్పుటేరొక్కటే దారి. నీరు పదియడుగుల మట్టమునకు వచ్చినచో ఆ సరస్సు 901 చదరపు కిలోమీటర్లు పరచుకొనెడిది. ఐదడుగుల మట్టమున 308. పెద్దవానను మ్రింగి, మెల్లమెల్లగా సముద్రమునకు విడుచుట దాని ధర్మము. 1970ల నుండి ఆ కడుపులో చేపలచెరువులు త్రవ్వితిమి, గట్లు పోసితిమి. 1999లో ఐదడుగుల మట్టమువరకు పక్షిరక్షణాలయమని ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో చేర్చిరి. 2006లో చెరువుగట్లను పగులగొట్టిరి. మరల కొన్ని గట్లు లేచినవి. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి బెజవాడను ముంచినపుడు ఆ నీరు కొల్లేటికి వచ్చి లంకగ్రామముల దారులను ముంచెను. ఆ జులైలోనే ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెము ప్రాంతపు ఊడ్పులను ముంచెను. వాన పైనుండి వచ్చినది. నీరు నిలిచినది మాత్రము గుర్రపుడెక్క నిండిన మురుగుకాలువలలోను, మనము పోసిన గట్లవెనుకను. 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకు సెలవు ప్రకటించినపుడు వారు చెప్పుకొన్న గోడులలో మురుగు పోవు దారి లేకుండుట యొకటి.

మారిన కాలమునకు రైతు చేతులు ముడుచుకొని కూర్చున్నాడా? లేదు. ఈ డెల్టాయే అట్టి యొక ప్రయత్నమునకు ఫలము. 1833 నాటి నందన కరవు తరువాత గదా 1852కి ధవళేశ్వరమున, 1855కి బెజవాడలో ఆనకట్టలు పూర్తియైనవి. నేడు రైతు చేయుచున్న మార్పులు చిన్నవి, మౌనమైనవి. మార్టేరు వరి పరిశోధనాస్థానము 1925లో పుట్టినది. అందుండి 1982లో వెలువడిన స్వర్ణ ఐదు నెలల పంట. దానిని మా పల్లపు రైతు ప్రాణముగ చూచుకొనెను. నీట మునిగినను రెండు వారములవరకు తాళు గుణమును ఒరిస్సా దేశపు పాతవరినుండి దానిలో చేర్చి 2009లో మరల విడుదల చేసిరి. నాలుగు నెలలకే చేతికి వచ్చు కాటన్‌దొర సన్నాలును దాళ్వాలో విరివిగ వేసిరి. కాలువనీరు ఆలస్యమైనపుడు ఆకుమడి మాని, విత్తనము వెదజల్లి ఊడ్పు ఖర్చును తప్పించుకొనువారు కలరు. నెలదినముల నూర్పును కోతయంత్రముతో ఒకటిరెండు దినములలో ముగించి, మబ్బునకన్న ముందుగా ధాన్యమును ఇంటికి చేర్చువారు కలరు. తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున మెరకరైతు బోరునీటితో పామాయిలు తోటలు వేసినాడు. దక్షిణమున పల్లపురైతు వరి విడిచి చేపలకు దిగినాడు.

కాని ప్రతి ఉపాయమునకు ఒక వెల గలదు. మెరకను బోరు లోతు పెరుగుచున్నది. చెరువున మబ్బుపట్టిన రాత్రి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి బొచ్చెలు, శీలావతులు నోరు తెరచి పైకి తేలును. గాలితిప్పు యంత్రమునకు కరెంటు లేనిచో యేడాది పెట్టుబడి ఒక్క ప్రొద్దున పోవును. ఒకని చెరువుగట్టు ప్రక్కవాని చేనికి అడ్డుకట్ట. ఒకడు వానకు తట్టుకొనుట మరియొకడు మునుగుట యగుచున్నది. వీనిలో దేనికైనను ముందుగా కావలసినది అప్పు. అప్పునకు కావలసినది కాగితము. ఆ కాగితము దగ్గర మా కథ వచ్చును.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పంటసాగుదారుల హక్కుల చట్టము చేసెను. భూమి యజమాని సంతకము చేసినచో కౌలురైతునకు పదునొకండు నెలలకు ఒక పత్రము లభించును. దానిచే భూమిపై హక్కు రాదు గాని బ్యాంకి అప్పు, పంటనష్టపు సాయము, బీమా అతనికి దక్కును. 2021లో మా బాబాయి ఆ పత్రము తెచ్చి, చేతిరుమాలుతో మా అరుగు తుడిచి, దానిపై పెట్టెను. మేము చదివితిమి. చట్టము చదువగల ఇంగ్లీషు మాకు గలదు. హక్కు పోదని తెలిసినది. అయినను బంధువులు, “నేడు సంతకము, రేపు కోర్టు” అనిరి. “చూతము బాబాయ్” అని పత్రమును ఆయనకే ఇచ్చివేసితిమి. ఆయన మరల అడుగలేదు. పంటనమోదులో సాగుదారు మేమే యని వ్రాయించుకొంటిమి. చేతిలో సుద్దముక్క తప్ప నాగలి యెరుగని మేము!

2023 సార్వా ఎట్లు నడచినదో వినుడు. జూన్‌లో వాన ఆలస్యము. జులై కడపట కుంభవృష్టి. ఆగస్టు నెల దేశమంతట 1901 తరువాత అంత పొడి ఆగస్టు లేదని వాతావరణశాఖవారనిరి. బాబాయి రెండుమార్లు ఆకుమడి పోసి ఊడ్చుటచే కోత డిసెంబరునకు జరిగెను. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటెను. 7వ తేదీని మేము చేనికి పోయితిమి. పంట నేలకొరిగి నీటిలో పరుపువలె పడియుండెను. బాబాయియు ఆయన భార్యయు మోకాలిలోతు నీటిలో నిలిచి, ఒరిగిన వెన్నులపై ఉప్పునీరు చల్లుచుండిరి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లినచో గింజ వెన్నుమీదనే మొలకెత్తుట కొంత ఆగునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆమె రెండు వెన్నులు పైకెత్తి మాకు చూపెను. ఒకదానియందు గింజలు గోధుమవర్ణము దాల్చియుండెను; రెండవదానియందు పచ్చని మొలకలు.

ఎకరమునకు ముప్పది బస్తాలు పండవలసిన చేను పదునొకండు పండినది. మూడెకరములకు ముప్పదిమూడు, అదియు రంగుమారినవి. మా కౌలు ఎకరమునకు పండ్రెండు, అనగా ముప్పదియారు. మే మేమియు అడుగలేదని చెప్పుకొనవచ్చును. కాని వలదనియు అనలేదు. జనవరిలో ఆయన పాడిగేదె నమ్మి కౌలుసొమ్ము తెచ్చి ఇచ్చెను. మేము లెక్కపెట్టి తీసికొంటిమి. మార్చిలో పంటనష్టపు సాయము మా ఖాతాలో జమ యయ్యెను.

ఆ దినము మేము పిల్లల పరీక్షపత్రములు దిద్దుచుండగా మా ఇంటియామె బ్యాంకి సందేశమును చదివి, “ఇది దేనికి వచ్చిన డబ్బండీ?” అని యడిగెను. పంట పోయినందుకని చెప్పితిమి. “పంట ఎవరిది?” అని మరల అడిగెను. ఆమె కంఠమున కోపము లేదు. తెలియక యడిగినట్లే యడిగెను. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించు మేము ఆ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక దిద్దిన పత్రమునే మరల దిద్దితిమి.

మరునాడు ఆ సొమ్మును, కౌలుసొమ్ములో సగమును పట్టుకొని పోయితిమి. అర్ధము మాత్రమే యేల యని చదువరులు ప్రశ్నింతురు. ఆ నాటికి మా ధర్మబుద్ధి అంతవరకే సాగినది. బాబాయి పుచ్చుకొని, గూటిలో పెట్టి, “డబ్బు సరే మాస్టారూ. ఆ కాగితం?” అనెను. 2024 జూన్‌లో సంతకము చేసితిమి. మా భూమి మా పేరనే యున్నది. ఏ కోర్టునకును పోలేదు. మిగిలిన సగము సొమ్మును మరుసటి సంక్రాంతికి ఇచ్చితిమి. గేదె మాత్రము మరల రాలేదు.

ఈ పత్రికను చదువు కుటుంబములలో మావలె పల్లెను విడిచి పట్టణమున ఉద్యోగము చేయుచు, పొలమును కౌలునకిచ్చి, ఏటేట బస్తాలు లెక్కపెట్టుకొనువారు అనేకులుందురు. లోకమున బొగ్గుపులుసు గాలిని తగ్గించుట మన యొక్కరి చేతిలో లేదు. మురుగుకాలువ పూడిక తీయించుటయు ఒక్కని పని కాదు. కాని సంతకము మన చేతిలో నున్నది. పంట పోయిన యేడు కౌలును పండినదానిలో పాలుగ తీసికొందమని ముందే వ్రాసికొనుట మన చేతిలో నున్నది. వాన తప్పిన నష్టమంతయు చేనిలో నిలిచినవానిదే యైనచో, అతడు క్రొత్త విత్తనము వేయుటకుగాని, పంటకాలము మార్చుటకుగాని దేనితో సాహసించును?

ఆ బాలుడు ఇపుడు పదవతరగతి దాటి పోయినాడు. అతని ప్రశ్నవలన మా బడిలో ఒక యాచారము మాత్రము నిలిచినది. బడి ఆవరణమున గరాటు పెట్టిన పాత్ర నొకదానిని నాటి, పిల్లలు ప్రతిదినము ఉదయమున వాన కొలిచి ఒక పుస్తకమున వ్రాయుదురు. ఒక గడియందు తేదీ, ఒక గడియందు కార్తె, ఒక గడియందు మిల్లీమీటర్లు. ఒకనాడు ఏలూరు వచ్చిన బాబాయికి మే మా పుస్తకమును గర్వముతో చూపి, ప్రతిగడియు చదివి వినిపించితిమి. ఆయన చాలసేపు విని, “బాగుంది మాస్టారూ. ఆకుమడి రెండోసారి పోసిన రోజు కూడా ఇందులో రాయించండి. విత్తనాలకి ఎంతయిందో అది కూడా” అనెను.

ఆ పుస్తకమునకు పిల్లలిపుడు మరి రెండు గడులు గీసినారు.